కాఫీ కూర్చుని తాగండి

మన తెలుగులో సామెతలకు కొదవ లేదు. ఎటు కావాలంటే అటు తిప్పుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. పిల్లవాడు హోంవర్కు రేపటికి వాయిదా వేస్తుంటే "ఆలస్యం అమృతం విషం" అంటాం. వాడే గబగబా రాసిపారేసి తప్పులు పెడితే "నిదానమే ప్రధానం" అంటాం. ఇంతకీ అమ్మ తొందరపడమంటోందా, ఆగమంటోందా అని వాడు తెల్లమొహం వేస్తాడు.

నిజానికి రెండు మాటలూ సరైనవే. ఎందుకంటే ఆలస్యం వేరు, నిదానం వేరు. చెయ్యాల్సిన పని వేళకి మొదలుపెట్టకపోవడం ఆలస్యం. మొదలుపెట్టిన పని మీద, అది అయ్యేదాకా మనసు పెట్టి ఉండటం నిదానం. నిదానంగా చేసుకునే ఇల్లాలికి పనులన్నీ ఆలస్యం అవుతాయని ఏమీ లేదు. హడావిడి పడే ఇల్లాలికి అన్నీ వేళకి తెములుతాయనీ లేదు.

మూడో సామెత ఇంకోటి ఉంది. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలని. ఈ సామెత పుట్టించిన పెద్దమనిషి ఎవరో గానీ, వంటింటివైపు తొంగి చూసినట్టు లేదు. మన ఇళ్ళల్లో ఇల్లాలు పరుగెత్తుతూనే పాలు కాస్తుంది, పరుగెత్తుతూనే అందరికీ కలిపి ఇస్తుంది. తన వంతు కాఫీ మాత్రం స్టవ్ గట్టు పక్కన నిలబడి, చల్లారాక, రెండు గుక్కల్లో తాగేస్తుంది. నిలబడటమైతే ఉంది గానీ, సామెతలో చెప్పిన మేలు అందులో ఎక్కడా లేదు.

ఈ వారం ఆ చల్లారిన కాఫీ గురించి మాట్లాడుకుందాం.

ఒళ్ళు ఇక్కడ, మనసు అక్కడ

పొద్దున్నే మీ వంటింట్లో మిమ్మల్ని మీరు ఒక్కసారి గమనించి చూడండి. చేతులు బెండకాయలు తరుగుతుంటాయి. మనసు మాత్రం పిల్లల క్యారేజీల దగ్గర ఉంటుంది. క్యారేజీలు సర్దేటప్పుడు నీళ్ళ మోటారు కట్టేశామా లేదా అని అనుమానం. స్నానం చేస్తుంటే కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందోనని లెక్క. దేవుడి ముందు దీపం పెడుతూ మధ్యాహ్నం పెరుగుకి పాలు సరిపోతాయా అని ఆలోచన. రాత్రి పడుకోబోయే ముందు టీవీ చూస్తున్నా, మినప్పప్పు నానబోశామో లేదో గుర్తు తెచ్చుకుంటూ ఉంటాం. మధ్యమధ్య ఫోన్ మోగుతుంది. వాట్సాప్‌లో స్కూలు వాళ్ళ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, అక్కచెల్లెళ్ళ గ్రూపు. దేనికి జవాబు చెప్పకపోయినా తప్పే.

ఇలా రోజంతా గడిచాక "పొద్దుటినుంచి ఏం చేశావు?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ తోచదు. చెయ్యకపోవడం వల్ల కాదు. చేసిన ఏ పని దగ్గరా మనం లేకపోవడం వల్ల.

ఇది మనకొక్కరికే ఉన్న జబ్బు కాదు లెండి. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. 2,250 మంది పెద్దవాళ్ళని, రోజులో ఎప్పుడు పడితే అప్పుడు ఫోన్ ద్వారా పలకరించి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, చేస్తున్న పని గురించే ఆలోచిస్తున్నారా, మనసు ఎలా ఉంది అని అడిగారు. నూటికి దాదాపు 47 సార్లు మనుషుల మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. పైగా మనసు అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు వాళ్ళు తక్కువ సంతోషంగా ఉన్నారు. ఇందులో నాకు విశేషంగా తోచిన సంగతి ఇంకోటి ఉంది. ఏ పని చేస్తున్నారన్నదాని కంటే, మనసు ఆ పనిలో ఉందా లేదా అన్నదే వాళ్ళ సంతోషాన్ని ఎక్కువగా నిర్ణయించింది. మనసు ఎక్కడో హాయైన చోట తిరుగుతున్నప్పుడు కూడా, చేస్తున్న పనిలో ఉన్నప్పటి కంటే ఎక్కువ సంతోషం ఏమీ దొరకలేదు.

అంటే పనులన్నీ ముగించుకుని ఎక్కడికో వెళ్తే తప్ప సుఖం దొరకదని మనం అనుకోవడంలో సగమే నిజం ఉందన్నమాట.

పని అయ్యాక తీరిగ్గా...

"ఈ పని కాస్త అయిపోతే తీరిగ్గా కూర్చుంటాను." ఈ మాట అనని ఆడది ఉండదు. ఆఫీసు పనికి ఒక చివర ఉంటుంది. కుట్టుపనికి, పొలం పనికి కూడా చివర ఉంటుంది. ఇంటిపనికి మాత్రం లేదు. అంట్లు తోమి బోర్లించేసరికి ఇంకో గ్లాసు సింకులో ప్రత్యక్షమవుతుంది. కాబట్టి పని అయిపోయాక తీరిక వస్తుందని ఎదురుచూడటం, అలలు ఆగాక సముద్రస్నానం చేద్దామని ఒడ్డున కూర్చోవడం లాంటిది.

మరి ఇన్ని యంత్రాలు వచ్చాయి కదా, వాటివల్ల తీరిక రావాలి కదా అనవచ్చు. మన అమ్మమ్మల కాలం సంగతి గుర్తు తెచ్చుకోండి. రుబ్బురోలు ఉన్న రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఇడ్లీ, దోసె అంటే ఏ పండక్కో, చుట్టాలు వచ్చినప్పుడో. మామూలు రోజుల్లో చద్దన్నమో, ఉప్పుడుపిండో. గ్రైండర్ వచ్చింది. రుబ్బే శ్రమ పోయింది, నిజమే. దాంతోపాటు రోజూ టిఫిను, దానికి రెండు రకాల చట్నీలు వచ్చి కూర్చున్నాయి. వాషింగ్ మెషిన్ వచ్చింది. ఒకసారి కట్టిన బట్ట ఇంకోపూట కట్టడం పోయింది. యంత్రం మిగిల్చిన గంటని మన కొత్త ముచ్చట్లే తినేశాయి.

ఇలా జరుగుతుందని అమెరికాలో ఎప్పుడో లెక్క తేల్చారు. జోఆన్ వానెక్ అనే ఆవిడ 1974లో రాసిన వ్యాసంలో, ఉద్యోగం చెయ్యని గృహిణులు 1920ల్లో ఇంటిపనికి వారానికి సుమారు 52 గంటలు వెచ్చిస్తే, 1960ల్లో సుమారు 55 గంటలు వెచ్చించారని చూపించారు. మధ్యలో కరెంటు ఇస్త్రీపెట్టె, ఫ్రిజ్, బట్టలుతికే యంత్రం అన్నీ వచ్చాయి. గంటలు మాత్రం తగ్గలేదు!

మన దేశం లెక్కా చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం వారు ప్రజలు తమ సమయాన్ని ఎలా గడుపుతున్నారని 2019లో మొదటిసారి దేశమంతా సర్వే చేశారు. ఇంటిపని చేసే స్త్రీలు అందుకోసం రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. మళ్ళీ 2024లో చేశారు. స్త్రీలకి 289, పురుషులకి 88. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం ఇందులో లేదు, దాని లెక్క వేరే.

చూశారా! అయిదేళ్ళలో మనకి మిగిలింది రోజుకి పది నిమిషాలు. మగవారికీ తొమ్మిది నిమిషాలు మిగిలింది, అది వేరే సంగతి. ఆ పది నిమిషాలు మీ ఇంట్లో ఎక్కడ ఉన్నాయో మీకు కనిపించాయా? కనిపించకపోతే ఇంకో పనిలో కలిసిపోయాయన్నమాట.

నవ్వుతూ చాకిరీ చెయ్యమనడం కాదు

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పుకోవాలి. "ఈ క్షణంలో ఉండండి, చేసే పనిని ఆనందించండి" అని చెప్పే పుస్తకాలు, ఉపన్యాసాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. మంచిదే. కానీ రోజుకి అయిదు గంటలు ఒంటిచేత్తో గొడ్డుచాకిరీ చేసే మనిషితో "అదే పని నవ్వుతూ చెయ్యి" అనడం సలహా కాదు, నోరు మూయించడం. ముందు బరువు కాస్త దించాలి. తర్వాతే నిదానం గురించి మాట్లాడాలి.

బరువు దించడం ఎలా? ఒక కాగితం తీసుకుని, ఈ వారం మీరు చేసిన పనుల్లో ఎవ్వరూ అడగనివి, చెయ్యకపోయినా ఎవ్వరూ గమనించనివి మూడు రాయండి. దిండు గలీబులకి ఇస్త్రీ చెయ్యడం కావచ్చు. అన్నంలోకి పప్పు, కూర, పచ్చడి ఉన్నాక మళ్ళీ వేపుడు కావచ్చు. ఎవరికీ పనికిరాని స్టీలు సామాను అటక మీంచి దించి తోమి మళ్ళీ ఎక్కించడం కావచ్చు. ఆ మూడింటిలో ఒకటి ఈ వారం మానెయ్యండి. ఆకాశం ఊడి మీద పడకపోతే వచ్చేవారం రెండోది.

తర్వాత, పంచడం. మగవాళ్ళని "కాస్త సాయం చెయ్యండి" అని అడుగుతాం. సాయం అన్నాక పని మనదే అని మనమే ఒప్పుకున్నట్టు. ఫలానా పని మీది అని పూర్తిగా అప్పగించెయ్యండి. రాత్రి భోజనాలయ్యాక టేబుల్ తుడిచి, మిగిలినవి సర్ది, స్టవ్ శుభ్రం చెయ్యడం ఆయన వంతు. మర్నాటికి నీళ్ళ సీసాలు నింపడం అబ్బాయి వంతు. "వాడు మగపిల్లాడు" అని అత్తగారు అంటే, "రేపు హాస్టల్లో తనే చేసుకోవాలి కదండీ అత్తయ్యగారూ, ఇప్పుడే అలవాటవనివ్వండి" అనండి. వాదన పెట్టుకోనక్కర్లేదు. ఒకసారి అప్పగించాక వెనకాలే వెళ్ళి మళ్ళీ తుడవకండి. ఇది మనలో చాలామందికి పని చెయ్యడం కంటే కష్టం.

ఒక ఎండు ద్రాక్షతో పాఠం

ఇప్పుడు నిదానం దగ్గరికి వద్దాం. 1979లో జాన్ కబాట్ జిన్ అనే ఆయన అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో, దీర్ఘకాలంగా నొప్పులతో, ఆందోళనతో బాధపడేవారి కోసం తరగతులు మొదలుపెట్టారు. వాటిలో మొదటి పాఠం ఏమిటో తెలుసా? ఒకే ఒక్క ఎండు ద్రాక్ష తినడం! ముందు అరచేతిలో పెట్టుకుని ముడతలు చూడాలి. వాసన చూడాలి. నాలుక మీద ఉంచుకుని, కొరకకుండా కాసేపు ఆగాలి. అప్పుడు నెమ్మదిగా నమిలి, రుచి ఎలా మారుతోందో గమనిస్తూ మింగాలి. పాయసంలో గుప్పెడు వేసే మనకి ఇది నవ్వులాటగా ఉంటుంది. కానీ చేసి చూడండి. ఇన్నేళ్ళుగా తింటున్న ఎండు ద్రాక్ష రుచి మనకి సరిగ్గా తెలియదని తెలుస్తుంది.

ఈ పాఠం నేర్చుకోవడానికి మనం అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు. మన పనుల్లోనే అలాంటివి బోలెడు ఉన్నాయి.

పోపు సంగతి చూడండి. మీ ఇంటి వరస ఏదైనా కానివ్వండి, పప్పులు ఎర్రబడే రంగు కన్ను చూడాలి, ఆవాల చిటపటలు చెవి వినాలి, ఇంగువ వేగిన వాసన ముక్కు పట్టాలి. ఒక్క నిమిషం ఫోన్లోకి చూశామా, మెంతులు మాడి కూరంతా చేదు. ఆ నిమిషంలో ఇంకే ఆలోచనా పెట్టుకోకుండా పోపు దగ్గరే ఉండండి. రోజుకి రెండు మూడు సార్లు మనం ఎలాగూ పోపు వేస్తాం. అదే మన ఎండు ద్రాక్ష అనుకోండి.

ముగ్గు కూడా అంతే. చుక్క తప్పితే ముగ్గు తప్పుతుంది కాబట్టి, వేసినంతసేపూ మనసు చేతివేళ్ళ దగ్గరే ఉంటుంది. వేసవిలో సాయంత్రం మల్లెపూలు కట్టేటప్పుడు, రెండు పూలు ఇటు, రెండు పూలు అటు పెట్టి దారం మెలివేస్తుంటే మనసు ఎంత నెమ్మదిస్తుందో మీకు తెలిసిందే. గోంగూర ఆకు గిల్లడం, చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, బియ్యంలో రాళ్ళు ఏరడం... మన పెద్దవాళ్ళు ఈ పనులన్నీ నలుగురూ కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ చేసేవారు. ఇప్పుడు మనం టీవీ ముందు చేస్తున్నాం. వారానికి ఒక్కసారైనా టీవీ కట్టేసి చేసి చూడండి. పక్కన అత్తగారో, అమ్మాయో ఉంటే ఇంకా మంచిది. ఎదురెదురుగా కూర్చోబెట్టి "చెప్పు" అంటే పెదవి విప్పని పిల్లలు, చేతిలో నాలుగు చిక్కుడుకాయలు పెడితే క్లాసులో జరిగినవన్నీ చెప్పేస్తారు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. స్కూలు నుంచి రాగానే పిల్ల "అమ్మా, ఇవాళ ఏమైందో తెలుసా?" అంటుంది. మనం అట్లకాడ తిప్పుతూ "ఊఁ, చెప్పు, వింటున్నా" అంటాం. మనం వినడం లేదని దానికి తెలుసు. రెండుసార్లు, మూడుసార్లు చూస్తుంది. నాలుగోసారి చెప్పడం మానేస్తుంది. మనకేమో పిల్లకి పదిహేనేళ్ళు వచ్చాక "ఇది ఏదీ నాతో చెప్పదండీ" అని బెంగ. స్టవ్ సిమ్‌లో పెట్టి, అటు తిరిగి, మొహం చూస్తూ రెండు నిమిషాలు వింటే చాలు. దోసె ఇంకోటి వేసుకోవచ్చు. ఎనిమిదేళ్ళ పిల్ల చెప్పే కబురు ఇంకోసారి రాదు.

అందరితోపాటు ఒక కంచం

ఇల్లాలు ఆఖర్న తినడం చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ ఉంది. అందరికీ వడ్డించి, గిన్నెలో అడుగున మిగిలింది కంచంలోకి గీక్కుని, సింకు నిండా ఉన్న అంట్ల వంక చూస్తూ నాలుగు ముద్దలు మింగేస్తాం. ఏం తిన్నామో, ఎంత తిన్నామో తెలియదు. కడుపు నిండిన సంగతి మెదడుకి చేరడానికి కొంత వ్యవధి పడుతుంది. గబగబా తింటే ఆ కబురు అందేలోపే ఎక్కువ తినేస్తాం, లేదా సగంలో లేచిపోయి నాలుగింటికి బిస్కెట్ల డబ్బా వెతుక్కుంటాం. గిన్నెలన్నీ మధ్యలో పెట్టేసి, ఎవరికి కావాల్సింది వాళ్ళు వడ్డించుకునేలా, రాత్రి పూటైనా అందరితో కలిసి మీరూ కూర్చోండి. ఫోన్లన్నీ, ఆయనదీ మీదీ సహా, ఫ్రిజ్ మీద పెట్టండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "నిదానంగా ఉన్నా, విశ్రాంతి తీసుకున్నా నీరసం పోవడం లేదండీ" అంటే దాన్ని మనసు మీదకి నెట్టెయ్యకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి రక్తపరీక్ష చేయించుకోండి, థైరాయిడ్ కూడా చూపించుకోండి. రెండు వారాలకి పైగా దేనిమీదా ఆసక్తి లేక, నిద్రపట్టక, దిగులుగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడకండి. ఇంకో చిన్న విషయం. కాఫీ, టీలు తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. అందుకని భోజనంతోనో, భోజనం కాగానేనో కాకుండా కనీసం ఒక గంట తేడాతో తాగండి.

ఆ కాఫీ సంగతి

మళ్ళీ కాఫీ దగ్గరికి వచ్చాం. డికాషన్‌ని చూడండి. ఫిల్టర్‌లో పొడి వేసి వేడినీళ్ళు పోశాక అది బొట్టుబొట్టుగానే దిగుతుంది. తట్టినా, కదిపినా పొడి కూడా దిగి పాడవుతుంది. ఆవకాయా అంతే. ఇవాళ కలిపి జాడీకెత్తినా, మూడో రోజు తిరగకలిపితే గానీ నూనె పైకి తేలి ఊట దిగదు. పదార్థాల విషయంలో మనకి ఇంత ఓర్పు ఉంది. మన విషయంలోనే లేదు.

అందరి కాఫీలూ అయ్యాక మీది వేడిగా కలుపుకోండి. బాల్కనీలోనో, వాకిట్లోనో, కిటికీ పక్కనో ఒక కుర్చీ మీది అనుకోండి. కూర్చోండి. ఫోన్ లోపలే ఉండనివ్వండి. పది నిమిషాలు. కప్పు వెచ్చదనం చేతికి తెలియాలి, మొదటి గుక్క చేదు నాలుకకి తెలియాలి. ఆలోచనలు వస్తాయి, రానివ్వండి. వచ్చిన ఆలోచన వెంట లేచి వెళ్ళకుండా ఉంటే చాలు. మొదటి రెండు మూడు రోజులు "కూర్చున్నానేమిటి, అంత పని పెట్టుకుని" అని కాళ్ళు నిలవవు. ఎవరైనా "అమ్మా, నా సాక్సు ఎక్కడ?" అని కేకేస్తారు కూడా. "కాఫీ తాగుతున్నా, పది నిమిషాల్లో వస్తా" అని కూర్చున్న చోటి నుంచే చెప్పండి. వారం తిరిగేసరికి సాక్సు వాళ్ళకే దొరుకుతుంది.

ఉద్యోగం చేసేవాళ్ళకి పొద్దున్న కుదరకపోతే సాయంత్రం ఇంటికి రాగానే, చీర మార్చుకోక ముందే. చంటిపిల్లల తల్లులకి పిల్ల పడుకున్న వెంటనే, బట్టలు తీయక ముందే. ముందు కాఫీ, తర్వాత పని. ఈ వరస మాత్రం మార్చకండి. తర్వాత అనుకున్న కాఫీ చల్లారుతుందని మనకి ఎన్నేళ్ళుగానో తెలుసు.

ప్రభుత్వం వారి లెక్క ప్రకారం అయిదేళ్ళలో మనకి మిగిలింది పది నిమిషాలే అన్నాను కదా. ఆ పదీ ఇవే అనుకోండి. ఇవి ఎవరూ ఇచ్చినవి కావు, అడిగి తీసుకున్నవీ కావు. ఇంకో పనిలో కలవకుండా కాపాడుకోవడం మన చేతిలోనే ఉంది.

అన్నట్టు, ఇదంతా చదివేటప్పుడు పొయ్యి మీద ఏమైనా పెట్టి వచ్చారా? అయితే ముందు వెళ్ళి అది కట్టేసి రండి. పక్క పేజీలో వంకాయ బజ్జీ ఎక్కడికీ పోదు, కూర్చుని చదువుకుందురు గాని.